పాత పికప్పు బండిలో గేరు ఆయిలు కారుట: గుర్తింపు, నివారణ

పంట పండించుటతో రైతు పని ముగియదు. పండిన దానిని చెడకుండ, సకాలములో అంగడికి చేర్చినపుడే పడిన కష్టమునకు ఫలితము దక్కును. ఒకప్పుడు ఈ పనిని ఎడ్లబండి చేసెడిది. 1988లో టాటామొబైల్, 2005లో టాటా ఏస్ వంటి చిన్న సరకు బండ్లు వచ్చిన తరువాత పల్లెలలో ఎడ్లబండి స్థానమును ఇవి చాలవరకు ఆక్రమించినవి. నేడు మదనపల్లె మార్కెట్టుకు టమాటా, గుంటూరు యార్డుకు మిరప, నిజామాబాదు యార్డుకు పసుపు ఇట్టి బండ్లమీదనే ఎక్కువగా చేరుచున్నవి.

అయితే రైతులలో చాలమంది కొత్త బండి కొనరు. పది పదిహేనేండ్లు తిరిగిన బండిని చేతిమార్పుగా కొని నడుపుకొందురు. ఇట్టి బండ్లలో తరచు కనబడు లోపము గేరు పెట్టె నుండి ఆయిలు కారుట. "పాత బండి కారకుండ ఉండునా" అని దీనిని చులకనగా చూచుట వాడుక. ఇది సరికాదు. ఇంజనులో ఆయిలు బాగా తగ్గి ఒత్తిడి పడిపోయినచో ఎదుట ఎర్రదీపము వెలిగి హెచ్చరించును. ఈ తరగతి బండ్ల గేరు పెట్టెకు అట్టి దీపము లేదు. అందులోని ఆయిలు చడీచప్పుడు లేక తగ్గిపోవును. మనకు చప్పుడు వినబడు నాటికి లోపలి బేరింగులు, పళ్ళు దెబ్బతినియే ఉండును. టమాటా బుట్టలతో నిండిన బండి నడిరాత్రి ఘాటు దారిలో నిలిచిపోయినచో, మరమ్మతు ఖర్చుతోపాటు ఆనాటి సరకు ధర కూడ పోవును.

కావున రైతులు ముఖ్యముగా గ్రహించవలసినది ఇది: తగ్గిన ఆయిలును తిరిగి పోయుచుండుట మందు కాదు. ఎక్కడ నుండి కారుచున్నదో ముందు కనుగొనవలెను. సీలు మార్పించుటకు ముందు బ్రీదరును చూడవలెను. ఈ రెండు పనులకును ఖర్చు లేదు.

చుక్కల లెక్క

నిమిషమునకు ఒక చుక్క కారిన ఏమి నష్టమని అనుకొనవచ్చును. లెక్క వేసి చూడుడు. నిమిషమునకు ఒక చుక్క అనగా రోజుకు 1,440 చుక్కలు. ముప్పది చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొన్నచో, రోజుకు 48 మి.లీ. నెలకు 1,440 మి.లీ., అనగా దాదాపు ఒకటిన్నర లీటరు. చాల చిన్న పికప్పుల గేరు పెట్టెలో పట్టు ఆయిలు రెండు లీటర్లకు అటు ఇటుగా మాత్రమే ఉండును. ఒక్క నెలలో మూడు వంతుల వరకు నేలపాలైనదన్నమాట.

గేరు పెట్టెలోని ఆయిలుకు మూడు పనులు గలవు. పళ్ళ మధ్య పొరగా నిలిచి అరుగుదలను తగ్గించును. పుట్టిన వేడిని పెట్టె గోడలకు చేర్చును. అరిగిన లోహపు రజనును అడుగునకు దించును. పెక్కు బండ్లలో ఆయిలును పైకి తోడు పంపు ఉండదు. అడుగున తిరుగు పళ్ళచక్రములే ఆయిలులో మునిగి, దానిని పైకి చిమ్మును. మట్టము తగ్గినచో చిమ్మునది కూడ తగ్గి, పైనున్న బేరింగులు పొడిబారును.

కారునది ఏ ఆయిలు?

బండి క్రింద మరక కనబడగానే గేరు పెట్టెను అనుమానింపరాదు. ఇంజను, గేరు పెట్టె కలియు చోట మూడు రకముల ద్రవములు కారుటకు అవకాశము కలదు. వానిని ఇట్లు గుర్తింపవచ్చును.

గేరు ఆయిలు చిక్కగా, తేనె రంగు మొదలు గోధుమ రంగు వరకు ఉండును. దానికి గంధకపు ఘాటు వాసన గలదు. ఒకసారి వాసన చూచినవారు మరువరు.

డీజిలు ఇంజను ఆయిలు వాడిన కొద్ది దినములకే నల్లబడును. గేరు ఆయిలు కంటె పలుచగా జారును. బెల్ హౌసింగు అడుగు నుండి నల్లని ఆయిలు కారుచున్నచో ఇంజను వెనుక సీలును అనుమానింపవలెను.

క్లచ్చి, బ్రేకులలో వాడు ద్రవము నీటివలె పలుచగా ఉండి, నీటితో కడిగిన పోవును. రంగు మీద పడినచో రంగును లేపును. ఇది కారుచున్నదని తెలిసిన వెంటనే బండిని ఆపి బాగు చేయించవలెను. బ్రేకుల విషయములో ఆలస్యము ప్రాణాపాయము.

ఇవిగాక ఎర్రని పలుచని ద్రవము కారినచో అది పవర్ స్టీరింగు నుండి కావచ్చును. కొన్ని రకముల గేరు పెట్టెలలో సైతము ఎర్రని ఏటీఎఫ్ ద్రవమునే వాడుదురు. మీ బండికి ఏది పోయవలెనో బండితో వచ్చిన చేతిపుస్తకములో చూచుకొనవలెను. వెనుక ఇరుసు మధ్యనున్న హౌసింగులో కూడ గేరు ఆయిలే ఉండును గనుక మరక ఏ స్థలమున పడినదో కూడ గమనింపవలెను.

కారు చోటును కనిపెట్టు విధము

మొదట జాగ్రత్త. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి క్రిందకు ఎట్టి పరిస్థితిలోను దూరరాదు. జాకీ జారి ప్రాణములు పోవుట కలదు. గట్టి చదును నేలమీద బండిని నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుకల రాళ్ళు పెట్టవలెను. బండిని ఎత్తవలసి వచ్చినచో ఇనుప స్టాండ్లు గాని, పగులు లేని గట్టి కొయ్య దిమ్మలు గాని ఆధారముగా ఉంచవలెను. ఇటుకలు పెట్టరాదు, అవి హఠాత్తుగా చిట్లును. పొగగొట్టము చల్లారిన తరువాతనే క్రిందకు దూరవలెను.

సాయంత్రము బండిని నిలిపినపుడు క్రింద పెద్ద అట్ట ముక్కను పరచి, ముందు చక్రములు ఎక్కడ ఉన్నవో దానిమీద గుర్తు పెట్టవలెను. తెల్లవారి అట్టమీది మరకను చూచినచో ఏ భాగము క్రింద పడినదో, ఎంత పడినదో, ఏ రంగులో ఉన్నదో ఒకేసారి తెలియును.

తరువాత గేరు పెట్టెను కిరసనాయిలుతో తడిపిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరదుడువవలెను. పేరుకొన్న మట్టి, జిడ్డు పూర్తిగా పోవలెను. ఆరిన పిమ్మట సుద్దపొడిని గాని ముగ్గుపిండిని గాని పలుచగా చల్లి, బండిని పది పదిహేను కిలోమీటర్లు నడిపి తెచ్చి చూడవలెను. తెల్లని పొడిమీద తడి గీత స్పష్టముగా కనబడును. బండి నడచునపుడు గాలి ఆయిలును వెనుకకు, క్రిందకు తోయును. కావున అన్నిటికంటె పైన, అన్నిటికంటె ముందు తడిసిన చోటే అసలు కారుచోటు. చుక్క రాలు చోటును బట్టి నిర్ణయించినచో పొరపడుదుము.

ముందుగా చూడవలసినది బ్రీదరు

గేరు పెట్టె పైభాగమున చిన్న మూతగాని, సన్నని గొట్టముగాని ఉండును. దీనిని బ్రీదరు అందురు. పెట్టె గాలి పీల్చి వదలుటకు ఇది ముక్కు వంటిది. చాలమంది దీని ఉనికినే ఎరుగరు. పొలము దారులలో లేచు దుమ్ము ఆయిలు తడితో కలసి దీనిని మూసివేయును.

మూసుకొన్నచో ఏమగును? 30 డిగ్రీల వద్ద ఉన్న గాలి 90 డిగ్రీలకు వేడెక్కినచో దాని పరిమాణము సుమారు ఐదవ వంతు పెరుగవలెను. పోవుటకు దారి లేనపుడు ఆ మేరకు పెట్టెలో ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడి ఆయిలును రబ్బరు సీలు పెదవి క్రింద నుండి బయటకు నెట్టును. సీలు మంచిదైనను కారును. ఇట్టి బండికి కొత్త సీలు వేయించినచో కొన్నాళ్ళకు అదియు కారును. రైతు మెకానికును నిందించును, మెకానికు సీలును నిందించును. తప్పు రెండింటిలోను లేదు.

ఇంకొక కీడు కలదు. వేడెక్కిన బండి వాగు దాటునపుడు పెట్టె ఒక్కసారిగా చల్లబడి లోపలి గాలి కుంచించుకొనును. బ్రీదరు మూసుకొనియున్నచో సీళ్ళ సందుల నుండి నీటిని లోనికి పీల్చుకొనును. బ్రీదరు తెరచియున్నను, నీరు దాని వరకు లేచినచో అందుండియే లోనికి పోవును. నీరు కలిసిన ఆయిలు పాలు కలిపిన కాఫీ వలె కనబడును. అట్టి ఆయిలును ఒక్కరోజు కూడ ఉంచక మార్చివేయవలెను.

కాబట్టి బ్రీదరును విప్పి, కిరసనాయిలుతో కడిగి, నోటితో ఊదక సైకిలు పంపుతో గాలి కొట్టి, దారి తెరచుకొన్నదని నిశ్చయించుకొనవలెను. విప్పుటకు ముందు చుట్టునున్న మట్టిని తుడిచివేసినచో అది లోపల పడదు. తరువాత కొన్ని దినములు బండిని నడిపి చూడవలెను. కారుట ఆగినచో అంతటితో సరి.

కారు చోట్లు, చికిత్స

1. డ్రెయిన్ ప్లగ్గు. అడుగున ఉండు ఈ ప్లగ్గు క్రింద రాగి లేక అల్యూమినియము వాషరు ఉండును. ఇది ఒకసారి నొక్కుకొన్న తరువాత రెండవసారి అంత బాగుగా కూర్చొనదు. ఆయిలు మార్చినపుడెల్ల కొత్త వాషరు వేయవలెను. కారుచున్నదని ప్లగ్గును బలముకొద్ది బిగించినచో అల్యూమినియపు పెట్టెలోని మరలు తెగును. రూపాయలతో పోవు పని వేలకు ఎక్కును.

2. మూతల ప్యాకింగులు. పై మూత, ప్రక్క మూత, గేరు కడ్డీ అడుగు ఇవి ప్యాకింగుల మీద కూర్చొనును. ముందు బోల్టులు వదులైనవేమో చూడవలెను. బిగించునపుడు ఒక ప్రక్కనుండి వరుసగా గాక, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించవలెను. ప్యాకింగు చిరిగినచో మార్చవలెను. జిగురును పలుచగా రాయవలెను. ఎక్కువైనది లోపల రాలి ఆయిలు దారులకు అడ్డుపడును.

3. వెనుక సీలు. ప్రొపెల్లరు షాఫ్టు గేరు పెట్టెలోనికి చేరు చోట ఇది ఉండును. పాత బండ్లలో తరచు కారునది ఇదే. కారిన ఆయిలు తిరుగు షాఫ్టు వలన పైనున్న తొట్టి అడుగునకు గీతగా చిమ్మును; ఇది మంచి గుర్తు. సీలు మార్చునపుడు మూడు సంగతులు మెకానికుతో కలసి చూడవలెను. షాఫ్టును చేతితో పైకి క్రిందకు కదిపినచో ఆట ఉన్నదా? ఉన్నచో లోపలి బుష్షు గాని బేరింగు గాని అరిగినది. సీలు ఆనుకొను చోట గోరు పట్టునంత గాడి పడినదా? పడినచో కొత్త సీలు నిలువదు. క్రాసు జాయింటు వదులైనదా? దాని అదురు సీలును త్వరగా చెరుపును. షాఫ్టు విప్పుటకు ముందు రెండు అంచుల మీద సుద్దతో గాక ఉలితో గాని రంగుతో గాని గుర్తు పెట్టి, తిరిగి అట్లే కలుపవలెను. కొత్త సీలు పెదవికి కొంచెము గేరు ఆయిలు రాసి, పెదవి లోపలివైపునకు ఉండునట్లు, వంకర లేక కూర్చుండబెట్టవలెను.

4. ముందు సీలు. ఇది క్లచ్చి వైపున ఉండును. కారినచో బెల్ హౌసింగు అడుగున గేరు ఆయిలు చుక్క కట్టును. ఇది ప్రమాదకరము. ఆయిలు క్లచ్చి ప్లేటు మీద పడినచో ప్లేటు జారును. ఇంజను మోత పెరుగును గాని బండి లాగదు. నిండు బరువుతో ఎత్తు ఎక్కునపుడు ఇట్లు జరిగినచో బండి వెనుకకు జరుగును. ఈ సీలు మార్చుటకు గేరు పెట్టెను దింపవలెను, కూలి ఎక్కువగును. కావున దింపినపుడే క్లచ్చి ప్లేటు, విడుదల బేరింగు, ఇంజను వెనుక సీలు చూపించి, అరిగినవానిని అప్పుడే మార్పించుట లాభము.

5. పెట్టె పగులు. రాళ్ళ దారిలో అడుగు తగిలి పగులవచ్చును. ఎం-సీల్ వంటి ముద్దలు జిడ్డు పూర్తిగా పోయిన చోటనే పట్టును. అదియు షెడ్డుకు చేరువరకు మాత్రమే. అల్యూమినియపు వెల్డింగు తెలిసినవానితో అతికించుటయో, పెట్టె మార్చుటయో చేయవలెను.

ఏ ఆయిలు, ఎంత పోయవలెను?

చిక్కగానున్నచో కారదని కొందరు గేరు పెట్టెలో గ్రీజు కూరుదురు. గ్రీజు పళ్ళు తిరుగు చోట తొలగిపోయి మరల చేరదు, బేరింగులకు అందదు. కొందరు ఇంజనులో నుండి తీసిన వాడిన ఆయిలును పోయుదురు. అందులోని మసి, లోహపు రజను గేరు పెట్టెను అరుగదీయును.

చేతిపుస్తకములో చెప్పిన చిక్కదనము, తరగతి రెండును సరిపోవలెను. 80డబ్ల్యూ-90 అనునది చిక్కదనమును, జీఎల్-4, జీఎల్-5 అనునవి తరగతిని తెలుపును. జీఎల్-5 సంఖ్య పెద్దదని అన్నిటికిని మేలైనదనుకొనరాదు. ఇది ముఖ్యముగా వెనుక హౌసింగు పళ్ళ మీది భారమునకు తగినది. ఇందు గంధకము, భాస్వరము గల మందుపాలు ఎక్కువ. కొన్ని రకముల జీఎల్-5 ఆయిళ్ళు గేరు పెట్టెలోని ఇత్తడి సింక్రోనైజరు రింగులను తినివేయును. చేతిపుస్తకము జీఎల్-4 అన్నచో జీఎల్-4నే వాడవలెను.

మట్టము చూచుటకు బండి చదునుగా నిలిచియుండవలెను; ఇంజను ఆపి కొంతసేపు ఆగవలెను. ప్రక్కనున్న మట్టపు ప్లగ్గు తీసినపుడు ఆయిలు రంధ్రము క్రింది అంచు వరకు ఉండవలెను. ఎక్కువ పోసినను నురుగు లేచి, ఒత్తిడి పెరిగి, బ్రీదరు నుండియు సీళ్ళ నుండియు కారును. ఆయిలు మార్చునపుడు ముందు ఈ పై ప్లగ్గు ఊడుచున్నదో లేదో చూచి, తరువాతనే అడుగు ప్లగ్గు తీయవలెను. అడుగుది తీసి, పైది బిగిసిపోయినచో బండి ఆయిలు లేక షెడ్డులోనే నిలిచిపోవును.

తీసిన ఆయిలును వ్రేళ్ళ మధ్య రాచి చూడవలెను. సన్నని బూడిదరంగు రజను వయస్సు వలన వచ్చునది. పళ్ళ ముక్కలు, చేతికి గ్రుచ్చుకొను పొలుసులు కనబడినచో సీలుతో పని తీరదు. పెట్టె విప్పి చూపించవలెను.

దారిలో కారుట కనబడినచో

చుక్కలుగా కారుచున్నచో, మట్టము చూచి సరియైన ఆయిలు పోసి, నెమ్మదిగా దగ్గరి షెడ్డుకు చేర్చవచ్చును. ధారగా కారుచున్నను, గేరు పెట్టె ఏడ్చినట్లు మోత చేయుచున్నను బండిని నడుపరాదు. సరకును వేరొక బండికి మార్చుటయే చౌక. బండిని లాగించునపుడు వెనుక చక్రములు నేలమీదనే దొరలినచో, ఇంజను ఆగియున్నను గేరు పెట్టెలోని వెనుక షాఫ్టు తిరుగుచుండును. ఆయిలు చిమ్ము చక్రములు మాత్రము తిరుగవు. కావున దూరము లాగవలసినచో ప్రొపెల్లరు షాఫ్టును విప్పించి లాగింపవలెను.

తీసిన ఆయిలును నేలలో పోయరాదు

పొలము గట్టున బండి బాగుచేసి, పాత ఆయిలును కాలువలోనో కంచె మొదటనో పోయుట తరచు చూచుచున్నాము. ఆయిలు మట్టి రేణువుల చుట్టు జిడ్డు పొరగా పట్టును. నీరు ఇంకదు, గాలి ఆడదు, మొలక తగ్గును. ఆయిలులో కర్బనము అధికము, నత్రజని దాదాపు లేదు. దానిని జీర్ణించుకొను సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని నేలనుండియే తీసికొనును. అందువలన ఆ చోట బ్రతికిన మొక్కయు పాలిపోవును.

పొరపాటున కొద్దిగా ఒలికినచో వెంటనే ఊక గాని రంపపు పొట్టు గాని చల్లి, పీల్చుకొన్న పిదప ఎత్తివేయవలెను. బాగా తడిసిన పైమట్టిని పారతో తీసివేయవలెను. మిగిలిన చోట మాగిన పశువుల ఎరువు, కొద్దిగా యూరియా కలిపి, తడి ఆరకుండ చూచుచు, అప్పుడప్పుడు తిరుగవేసినచో సూక్ష్మజీవులు క్రమముగా జిడ్డును విరుగగొట్టును. అంతవరకు అక్కడ కూరగాయలు వేయరాదు.

వాడిన ఆయిలు 2016 నాటి నియమావళి ప్రకారము ప్రమాదకర వ్యర్థముల కోవలోనిది. దానిని, జిడ్డు పీల్చిన ఊకను మూతగల డబ్బాలలో ఉంచి, వాడిన ఆయిలును అనుమతిగల శుద్ధి కేంద్రములకు పంపు షెడ్డునకు ఒప్పగించవలెను. పురుగుమందు డబ్బాలను, విత్తనపు డబ్బాలను ఇందుకు వాడరాదు. ఆ ఊకను పొయ్యిలో పెట్టరాదు.

గుర్తుంచుకొనవలసినవి

వారమునకు ఒకసారి బండి క్రింద అట్ట పరచి చూడుడు. కోతలకు ముందు బ్రీదరు కడిగి, గేరు పెట్టె, వెనుక హౌసింగు రెండింటిలోను మట్టము చూడుడు. వాగు దాటిన మరునాడు ఆయిలు రంగు చూడుడు. సరియైన ఆయిలు ఒక లీటరు, ఒక వాషరు బండిలో ఉంచుకొనుడు. పోసిన ప్రతిసారి తేదీ, కిలోమీటర్లు, పోసిన కొలత ఒక చిన్న పుస్తకములో వ్రాయుడు. పోయు కొలత నెలనెలకు పెరుగుచున్నచో పంట చేతికి వచ్చువరకు ఆగక, బండికి పని తక్కువగా ఉన్న దినములలోనే షెడ్డుకు చేర్చుడు. పైరుకు తెగులు తొలి మచ్చలోనే పట్టుకొనినట్లు, బండికి తొలి చుక్కలోనే చికిత్స చేసినచో ఖర్చు స్వల్పము. సరకు సకాలములో అంగడి చేరును.